పై అంతస్తు పలికింది

"మాస్టర్ గారూ, ఇంకో నాలుగు కాలర్లు కత్తిరించి పెడతారా?"

మెట్ల మీద చిలక వాళ్ళమ్మ గొంతు వినగానే కటింగ్ మాస్టర్ కత్తెరతోపాటే గుమ్మంలోకి వచ్చాడు. అక్కడ అమ్మ లేదు. స్కూల్ బ్యాగు తగిలించుకుని చిలక నిలబడి ఉంది. ఏమీ ఎరగనట్టు గోడకేసి చూస్తోంది.

"మళ్ళీ నువ్వేనా? అచ్చం మీ అమ్మే అనుకున్నాను. నీ పుణ్యమా అని నా కాఫీ చల్లారిపోయింది," అన్నాడు మాస్టర్.

చిలక నవ్వుతూ పైకి పరిగెత్తింది. చిలక అన్నది దాని పేరు కాదు. అసలు పేరు స్కూలు రిజిస్టర్లో హాయిగా నిద్రపోతోంది. ఎవరి గొంతైనా రెండుసార్లు వింటే చాలు, పట్టేసేది. లెక్కల టీచర్ ముక్కుతో మాట్లాడే తీరు, బస్సు కండక్టర్ కేక, పక్క వీధి పసిపిల్లాడి ఏడుపు, అన్నీ దాని గొంతులోనే ఉండేవి. పదేళ్ళ పిల్లకి అన్ని గొంతులు ఎందుకో మరి.

వాళ్ళు ఉండేది ఒక పాత భవనం. అందులో ఉన్నవాళ్ళంతా కుట్టుపని వాళ్ళే. మొదటి అంతస్తులో మాస్టర్ గుడ్డ కత్తిరిస్తాడు. రెండో అంతస్తులో చిలక వాళ్ళమ్మ మిషన్ మీద చొక్కాలు కుడుతుంది. నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే కాజాల మామ్మ వాటికి కాజాలు తీసి గుండీలు కుడుతుంది. చివరికి కింద ఉండే ఇస్త్రీ తాత మడతపెట్టి షాపుకి సిద్ధం చేస్తాడు. ఒక్కరు ఆగితే అందరి పనీ ఆగినట్టే.

భవనం మధ్యలో కింద నుంచి పైదాకా ఒక ఇరుకైన ఖాళీ ఉంది. నాలుగు పక్కలా గోడలు, పైన రుమాలంత ఆకాశం. అందరి వంటింటి కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. దాన్ని బావి అంటారు. నీళ్ళు లేవు కానీ చీకటికి కొదవలేదు. మిట్టమధ్యాహ్నం కూడా అందులో సాయంత్రంలాగే ఉంటుంది. పైన గిలకకి కట్టిన తాడు మీద ఒక బుట్ట పైకీ కిందకీ తిరుగుతూ చొక్కాలు మోస్తుంది.

ఆ బావిలోనే రోజూ పొద్దున ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి పిలుపు ఉంటుంది. తాత కింద నుంచి ఒక్కో అంతస్తునీ పిలుస్తాడు. ఆ అంతస్తు వాళ్ళు కిటికీలోంచి "ఊ" అనాలి. అంటే బాగానే ఉన్నామని. ఒంట్లో బాగోకపోతే అదీ చెప్పాలి. పని లేకపోతే అదీ చెప్పాలి. ఎవరి దగ్గర ఎక్కువ పని ఉంటే వాళ్ళు కొంత పంచేవారు. కషాయం ఉన్నవాళ్ళు కషాయం బుట్టలో పెట్టి పంపేవారు. ఒకప్పుడు తాత జ్వరంతో మంచం పట్టి లేవలేకపోతే ఎవరికీ తెలియలేదట. చొక్కాలు కుప్ప పడ్డాకే తలుపు తట్టారట. ఆ తరువాత మొదలైంది ఈ అలవాటు.

దీనికి ఒక్కటే నియమం. ఏ అంతస్తు పలకకపోతే, దాని కింద అంతస్తు వాళ్ళు మెట్లెక్కి వెళ్ళి చూడాలి.

మూడో అంతస్తు వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అక్కడ తాళమే మిగిలింది. అందుకని మామ్మ పలకకపోతే వెళ్ళాల్సింది చిలక వాళ్ళే.

ఆ మూడో అంతస్తు అంటే చిలకకి చచ్చేంత భయం. అక్కడ మెట్ల మీద బల్బు మాడిపోయింది. ఖాళీ ఇంటి వంటింటి కిటికీ అద్దం పగిలిపోయింది. బావిలో గాలి అందులో దూరి, తాళం వేసిన తలుపుని లోపలికి లాగుతుంది, మళ్ళీ బయటికి తోస్తుంది. లోపల ఎవరో పడుకుని ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. పోయిన వారం మామ్మ పలకలేదని చిలక ఆ తలుపు పక్కనుంచే కళ్ళు మూసుకుని పైకి వెళ్ళింది. తీరా చూస్తే మామ్మ కుళాయి చప్పుడులో పిలుపు వినలేదంతే. "ఇంత మాత్రానికి పరిగెత్తుకొచ్చావా," అని నవ్వింది కూడా.

ఆ సాయంత్రం అమ్మ చొక్కాల మూట షాపులో ఇచ్చి రావడానికి బయల్దేరింది.

"తాత పిలిస్తే మన ఊ నువ్వు చెప్పు. మామ్మ ఊ కూడా విను. మరిచిపోకు," అంది చెప్పులు వేసుకుంటూ.

"సరేలే అమ్మా."

"సరేలే కాదు, వినాలి."

అమ్మ వెళ్ళింది. మబ్బు పట్టింది. కాసేపటికి బావిలోంచి తాత కేక వచ్చింది.

"మొదటి అంతస్తూ?"

"ఊ," అన్నాడు మాస్టర్.

"రెండూ?"

"ఊ," అంది చిలక.

"నాలుగూ?"

ఎవరూ పలకలేదు.

చిలక కిటికీలోంచి తల పైకెత్తింది. మూడో అంతస్తు కిటికీ నల్లగా నోరు తెరుచుకుని ఉంది. దానిపైన మామ్మ కిటికీ. లైటు వెలగడం లేదు. తాడు మాత్రం సన్నగా ఊగుతోంది.

"నాలుగో అంతస్తూ?" తాత మళ్ళీ పిలిచాడు. "చిలకా, పలికిందా? నాకు వినపడలేదు."

వెళ్ళి చూడాలి. చిలక గుమ్మం దాకా వెళ్ళింది. తలుపు తీసింది. పైన చీకట్లో ఆ ఖాళీ ఇంటి తలుపు లోపలికీ బయటికీ ఊపిరి తీస్తున్న చప్పుడు. చిలక అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయింది.

మామ్మ కుళాయి తిప్పుకుని ఉంటుంది. అంతే అయి ఉంటుంది. ఊరికే అంత చీకట్లో వెళ్ళడం దేనికి?

చిలక మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది. గొంతు సవరించుకుంది. మామ్మలాగే చిన్నగా దగ్గి, "ఊ..." అంది. ఆ సాగదీత, ఆ వణుకు, ఆ బద్ధకం, ఏదీ తప్పలేదు.

"హమ్మయ్య," అన్నాడు తాత. కింద కిటికీ మూసుకున్న చప్పుడు వినిపించింది.

ఎంత బాగా వచ్చిందో అనుకుని చిలక మురిసిపోయింది కూడా. ఎంతైనా పనితనం కదా.

అమ్మ తిరిగి వచ్చింది. "మామ్మ పలికిందా?" అని అడిగింది.

చిలక తల ఊపింది. నోటితో అబద్ధం చెప్పలేదని దాని ధైర్యం. మెడతో చెప్పిందీ అబద్ధమేనని దానికి తెలియక కాదు.

అమ్మ మిషన్ ముందు కూర్చుంది. చిలక వంటింట్లో కిటికీ పక్కన హోంవర్కు ముందేసుకుంది. మిషన్ కాసేపు పరిగెడుతోంది, కాసేపు ఆగుతోంది. అలా ఆగినప్పుడు వినిపించింది.

"ఊ..."

చిలక పెన్సిల్ ఆగిపోయింది. అది మామ్మ గొంతు. కాదు, ఇందాక తను చేసిన మామ్మ గొంతు. ఇప్పుడు ఎవరూ పిలవలేదు. తను నోరు తెరవలేదు. అనుమానం తీరక పెదాలు తడిమి చూసుకుంది. మూసుకునే ఉన్నాయి.

"అమ్మా, విన్నావా?"

"ఏంటి?"

"బావిలో ఏదో..."

అమ్మ చెవి ఒగ్గి విన్నది. బావి ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. "గాలే," అని అమ్మ మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

గోడలకు చెవులుంటాయంటారు. నోరు కూడా ఉంటుందా? తను అందులో పడేసిన గొంతుని బావి దాచుకుందా? రోజూ ఇలా తనకే తిరిగి వినిపిస్తుందా? చిలక కుర్చీని కిటికీకి దూరంగా జరుపుకుంది. అయినా వీపు మాత్రం అటే వింటోంది.

ఇంతలో కింద నుంచి తాత మాటలు వినిపించాయి. "మాస్టరూ, పైనుంచి బుట్ట ఇంకా దిగలేదేంటి? మధ్యాహ్నం నుంచీ ఒక్క చొక్కా రాలేదు."

"తలనొప్పిగా ఉందేమో, పడుకుని ఉంటుంది," అన్నాడు మాస్టర్.

"ఎందుకైనా మంచిది, ఒకసారి వెళ్ళి చూద్దామా?"

"ఇందాక పలికిందిగా. నేనూ విన్నాను. ముందు దగ్గు కూడా వినిపించింది."

"అదీ నిజమే. పలికిన మనిషిని లేపడం దేనికి? పొద్దున చూద్దాం."

అమ్మ మిషన్ దగ్గర్నుంచే, "అవును, చిలక కూడా విన్నది," అంది.

చిలక తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ముగ్గురు పెద్దవాళ్ళు ధైర్యంగా ఉన్నారు. ఆ ధైర్యమంతా తన గొంతులోంచి వచ్చిన ఒక్క ఊ మీద నిలబడి ఉంది. మామ్మ పలికిందని అందరికీ తెలుసు. పలకలేదని తెలిసింది తనొక్కదానికే.

"ఊ..."

ఈసారి ఇంకా సన్నగా వచ్చింది. దాని వెనకాలే చిన్న దగ్గు.

చిలక లేచి నిలబడింది. వెనకాల దగ్గు. ఇందాక హడావిడిలో తను ముందు దగ్గి తరువాత ఊ అంది. మామ్మ ఎప్పుడూ ముందు ఊ అని తరువాత దగ్గుతుంది. బావి తన గొంతునే తిరిగి ఇస్తుంటే, దగ్గు ముందే రావాలి.

అది తన గొంతు కాదు. అది మామ్మే.

"అమ్మా," అంది చిలక. "ఇందాక పలికింది మామ్మ కాదు. నేను. మామ్మ పలకలేదు. నాకు పైకి వెళ్ళాలంటే భయం వేసి, నేనే మామ్మలా అన్నాను."

మిషన్ ఆగింది. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. ఒక్క క్షణం దాని మొహంలోకి చూసింది. ఆ చూపు కంటే దెబ్బే నయం అనిపించింది చిలకకి. అమ్మ కిటికీ దగ్గరికి పరిగెత్తి, "తాతా, మీ దగ్గరున్న మామ్మ తాళంచెవి తీసుకుని పైకి రండి. మాస్టర్ గారూ, మీరు కూడా. పలికింది ఆవిడ కాదంట," అని అరిచింది.

మెట్ల మీద అందరూ కలిశారు. తాత ఆయాసపడుతూ ఎక్కుతున్నాడు. "పలికింది ఆవిడ కాదా? మరి నేను మాట్లాడింది ఎవరితో?" అన్నాడు.

"నాతో తాతా," అంది చిలక.

మూడో అంతస్తు దగ్గర అమ్మ ఫోన్ టార్చి వేసింది. తాళం తలుపు లోపలికీ బయటికీ కదులుతూనే ఉంది. చిలక ఈసారి కళ్ళు మూసుకోలేదు. పైన మామ్మకి ఏమైందోనన్న భయం ముందు ఆ తలుపు గుర్తే రాలేదు.

మామ్మ వంటింటి కిటికీ కింద నేల మీద పడి ఉంది. పక్కన ఒక స్టూలు తలకిందులై ఉంది. ఒక కాలు అడ్డంగా మడత పడింది. మొహం తెల్లగా పాలిపోయింది. బల్ల మీద కాజాలు తియ్యాల్సిన చొక్కాలు అలాగే ఉన్నాయి.

"కదిలించకండి," అన్నాడు మాస్టర్. ఆంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. అమ్మ బల్ల మీద చొక్కాలన్నీ తెచ్చి మామ్మ మీద కప్పింది. చిలక మామ్మ చెయ్యి పట్టుకుంది. అది ఐసుముక్కలా చల్లగా ఉంది.

మామ్మ కళ్ళు తెరిచి చిలకనే చూసింది.

"వచ్చారా?" అంది. గొంతు దారంలా సన్నగా ఉంది. "మధ్యాహ్నం పడ్డానే. లేవలేకపోయాను. తాత పిలిస్తే వినపడింది. పలుకుదామనుకున్నాను, గొంతు లేవలేదు. అంతలో బావిలోంచి నా గొంతే పలికింది."

చిలక మామ్మ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఓహో, నేను పైన కిటికీ దగ్గరే ఉన్నానన్నమాట, మరి ఈ కింద పడున్నది ఎవరబ్బా అనుకున్నాను. పోయాననుకున్నానే పిల్లా. పోయినా గొంతు పలుకుతుంది కాబోలు అనుకున్నాను. తరువాత తాత కిటికీ మూసేశాడు. ఇంకెవరూ రారులే అనుకున్నాను. అయినా ఊ అంటూనే ఉన్నాను."

చిలక ఏడ్చింది. గట్టిగా, సిగ్గు లేకుండా, తన సొంత గొంతుతో ఏడ్చింది. "అది నేను మామ్మా. నేనే అన్నాను."

మామ్మ కాసేపు కళ్ళు మూసుకుంది. "నువ్వా?" అంది చివరికి. "నాకంటే నువ్వే బాగా అన్నావు." చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మామ్మకి తుంటి ఎముక విరిగింది. ఇంకొన్ని గంటలు ఆ చల్లటి నేల మీదే ఉంటే ఎముకతో పోయేది కాదని డాక్టరు చెప్పింది. మామ్మ చాలా రోజులు ఆస్పత్రిలోనే ఉంది. అమ్మ రాత్రిళ్ళు కాజాలు తీసింది. మాస్టర్ కత్తిరించడం తగ్గించుకుని గుండీలు కుట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో వేళ్ళకే కుట్టుకున్నాడు. మామ్మకి పని పోకుండా, ఇల్లు పోకుండా తాతతో సహా ముగ్గురూ కలిసి కాపాడారు. చిలక రోజూ స్కూలు నుంచి ఆస్పత్రి మీదుగా ఇంటికి వచ్చేది.

అయితే ఒక్కటి మాత్రం మారిపోయింది.

సాయంత్రం పిలుపులో "ఊ" అంటే తాతకి చాలడం లేదు. "నువ్వేనా మాస్టరూ? చెయ్యి బయట పెట్టు," అనేవాడు. కింద నుంచి టార్చి వేసేవాడు. మాస్టర్ చెయ్యి బయట పెట్టి ఊపేవాడు. "రెండో అంతస్తూ, నువ్వేనా అమ్మా?" అమ్మ కూడా చెయ్యి పెట్టేది. చీకటి బావిలో మనుషుల్లేని చేతులు గోడల్లోంచి మొలిచినట్టు ఉండేవి. చిలక వాటివైపు చూడలేకపోయేది. ఆ చేతులు బయటికి వచ్చింది తన వల్లే.

తాత దానిమీద కోపం చూపించలేదు. ఎప్పటిలాగే పలకరించేవాడు. కానీ చెవులు నమ్మడం మానేశాయి పాపం, అవి మాత్రం ఏం చేస్తాయి?

స్కూల్లో పిల్లలు "లెక్కల టీచర్లా చెయ్యవే" అంటే చిలక ఇప్పటికీ చేసేది. ముక్కు మూసుకుని చేసి అందరినీ నవ్వించేది. మెట్ల మీద నుంచి మాత్రం ఎవరినీ పిలవడం లేదు. మాస్టర్ కాఫీ వేడివేడిగా తాగుతున్నాడు. అది కూడా ఆయనకి కొంచెం వెలితిగానే ఉంది.

మామ్మ చేతికర్ర సాయంతో ఇంటికి తిరిగి వచ్చింది. తాత మూడో అంతస్తు మెట్ల దగ్గర కొత్త బల్బు పెట్టించాడు. ఆ సాయంత్రం పిలుపు మొదలైంది. మాస్టర్ పలికాడు, చెయ్యి ఊపాడు. అమ్మ పలికింది, చెయ్యి ఊపింది.

"నాలుగో అంతస్తూ?"

బావి నిశ్శబ్దంగా ఉంది.

"తాతా," అంది చిలక కిటికీలోంచి. "పైనుంచి పలుకు రాలేదు. నేను వెళ్తున్నాను."

"ఉండు, నేనూ వస్తాను," అంది అమ్మ. అప్పటికే చిలక మెట్ల మీద ఉంది. కొత్త బల్బు వెలుగుతోంది కానీ, ఆ తలుపు మాత్రం అలాగే ఊపిరి పీలుస్తోంది. చిలకకి భయం వేసింది. భయపడుతూనే దాని పక్కనుంచి ఎక్కి పైకి వెళ్ళింది.

మామ్మ మంచం మీంచి లేచి, కర్ర పట్టుకుని కిటికీ వైపు నత్తలా నడుస్తోంది.

"వస్తున్నాను కదే. కాళ్ళు నా మాట వినడం లేదు," అంది ఆయాసపడుతూ. మళ్ళీ మంచం మీద కూలబడింది. "ఈ గొంతు కూడా కింద దాకా వెళ్ళదు. నా గొంతు నీ దగ్గరుందిగా, నువ్వే ఒక ఊ పడేసెయ్యి. ఈసారి నేనే అడుగుతున్నాను, తప్పు కాదులే."

చిలక తల అడ్డంగా ఊపింది. మామ్మ భుజం కింద చెయ్యి వేసి, మెల్లగా కిటికీ దగ్గరికి నడిపించింది. కుర్చీలో కూర్చోబెట్టింది. తరువాత బావిలోకి వంగి, తన గొంతుతో, తనకి ఉన్నంత గట్టిగా చెప్పింది.

"తాతా, నేను చిలకని. నాలుగో అంతస్తు నుంచి మాట్లాడుతున్నాను. మామ్మ బాగానే ఉంది. నా పక్కనే కూర్చుంది. గొంతు లేవడం లేదంతే. చెయ్యి బయట పెట్టమంటావా?"

కింద నుంచి టార్చి వెలుగు గోడ మీద కొద్దికొద్దిగా పైకి పాకుతోంది. అది మూడో అంతస్తు కిటికీ దాకా వచ్చి ఆగింది. తరువాత ఆరిపోయింది.

"అక్కర్లేదు లేవే," అన్నాడు తాత చీకట్లోంచి. "నువ్వు చెప్పావుగా."